పెద్దులు మోకాలు

చిట్యాల,
11 డిసెంబరు 2023.

డాక్టర్ మంజులత మేడమ్ గారికి,

చిట్యాల నుంచి హరిత నమస్కారాలతో రాస్తున్నది. కొత్త ఊళ్ళో మీరూ, మీ ఇంటివాళ్ళూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమందరం కుశలమే.

రోజుకు ఎన్ని మోకాళ్ళు మీ చేతి కిందికి వస్తాయో! పేరు చెప్తే గుర్తుపడతారో లేదో. పోయిన జనవరిలో, నల్లగొండలో మీరు ఆపరేషన్ చేసిన కల్లుగీత పెద్దులు కూతుర్ని నేను. వార్డులో పదిమంది ముందు మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టిన పెద్దులు అంటే మాత్రం తప్పకుండా గుర్తొస్తాడు.

మీకు మహబూబ్‌నగర్‌కు బదిలీ అయిందని ఫిజియోథెరపీ నవీన్‌కుమార్ సార్ చెప్పారు. మీ ఫోన్ నంబరు కూడా ఇచ్చారు. రెండుసార్లు నొక్కబోయి ఆగిపోయాను. అవతలి మనిషి "చెప్పమ్మా" అనగానే నాకు అసలు సంగతి మరుగున పడుతుంది. బడిలో పిల్లలకు తెలుగు చెప్పుకునేదాన్ని, కలం పట్టుకుంటే కాస్త ధైర్యం. అందుకే ఉత్తరం.

ముందు మంచి కబురు. మా బాపు మళ్ళీ చెట్టెక్కాడు. కార్తీక పౌర్ణమి వెళ్ళిన మూడో రోజున ఎక్కాడు. అప్పటి నుంచి రోజూ పొద్దున, సాయంత్రం ఎక్కుతున్నాడు. మోకాలు పట్టేయలేదు, వాయలేదు. ఈ ఒక్క ముక్క రాసి ముగించవచ్చు. కానీ మీరు చేసిన పనికి ఒక్క ముక్క చాలదు.

మొదటి రోజు మీరు బాపును ఒక మాట అడిగారు. "చెట్టు మీద కాలు పట్టేస్తే మరి ఎట్ల దిగినవే అన్నా?" అని. బాపు "దిగిన" అన్నాడు. అంతే. మా అమ్మ అండాలు అడిగినా అదే జవాబు. చాలా రోజులకు నాగేందర్ చిన్నాయిన నోట అసలు సంగతి విన్నాను. ఆయన బాపుకు చిన్ననాటి దోస్తు. పక్కపక్క చెట్లు గీసుకుంటారు. మీరు అడిగి వదిలేసిన ప్రశ్న కాబట్టి మీకు చెప్పాలి.

ఆ పొద్దున బాపు ఎక్కింది వనంలో అన్నిటికన్నా పొడుగు తాడిచెట్టు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టిన మోకుతాడు ఉంది, పాదాలను కలిపి పట్టే గుజి బంధం ఉంది. ఒక గెల గీసి, కల్లు పట్టే లొట్టి కుండ కట్టి, రెండో గెల కోసం కుడి మోకాలి మీద బరువు వేసి పక్కకు తిరిగాడట. లోపల ఏదో టక్కుమంది. కాలు సగం మడిచినది మడిచినట్టే ఉండిపోయింది. చాపితే రాదు, ముడిస్తే రాదు. మోకు ఉండబట్టి పడలేదు. పక్క చెట్టు మీదున్న చిన్నాయినకు "నాగేందరా, కాలు పట్టింది" అని వినిపించింది. ఆ గొంతు విని ఆయన చేతిలో కత్తి చెట్టుకే గుచ్చి వదిలేసి దిగాడట.

ఒక చెట్టు మీద ఇద్దరు మనుషులు ఎక్కడం మామూలుగా ఎవరూ చేయరు. చిన్నాయిన తన మోకు తీసి అదే చెట్టుకు వేసుకుని బాపు కింది దాకా పాక్కుంటూ పోయాడు. "నీ మంచికాలు నా బుజం మీద పెట్టు. బరువంత నా మీదెయ్. కిందికి సూడకు" అన్నాడు. బాపు చేతులతో చెట్టును కావలించుకుని మోకు జానెడు జారుస్తాడు, చిన్నాయిన జానెడు దిగుతాడు. ఆయన ఆగితే ఈయన జారుస్తాడు. అట్లా నేల చేరేసరికి ఇద్దరి రొమ్ములూ చెక్కుకుపోయి నెత్తురు కారుతున్నది. "బిడ్డా, అర్ధగంటల నాకు నలభై ఏండ్లు గడిచినయి" అని చిన్నాయిన చెప్తుంటే నాకు ఏడుపాగలేదు. ఆయన మాత్రం నవ్వుతున్నాడు. నేల మీదికి దిగగానే బాపు అడిగిన మొదటి మాట "లొట్టి పగిలిందా?" అనట.

ఆ తర్వాత వారం రోజులు పసరు కట్లూ నూనె మర్దనలూ అయ్యాయి. ఎక్స్‌రే తీయించాం. ఎముక విరగలేదన్నారు. ఎముక మంచిగుంటే మనిషి ఎందుకు కుంటుతున్నాడో ఎవరూ చెప్పలేదు. చివరికి మీ దగ్గరికి వచ్చాం.

ఆ రోజు మీరు చేసిన పని నేను ఇప్పటికీ మా బళ్ళో టీచర్లకు చెప్తుంటాను. మీరు వచ్చి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. మోకాలు చూడలేదు. ముందు బాపు పాదాలు చూశారు. అరికాలి అంచున కాయలు కట్టిన చోట బొటనవేలుతో తడిమి, "ఎన్ని చెట్లు గీస్తవన్నా?" అన్నారు. అప్పటిదాకా కప్పు వైపు చూస్తున్న బాపు తల తిప్పి మీ ముఖం చూశాడు. "పద్నాలుగు" అన్నాడు. "చెట్టెక్కేటప్పుడు మోకాలు ఎంత ముడుస్తవో నాకు సూపియ్యి, మంచి కాలుతోటి" అని మీరు అడిగితే, దుప్పటిని మోకులాగా పట్టుకుని మంచం మీదే ఎక్కి చూపించాడు. మీరు రెండుసార్లు చూపించుకున్నారు. మా బాపు పనిని అంత శ్రద్ధగా చూసిన చదువుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

స్కానింగ్ వచ్చాక కాగితం వెనక బొమ్మ గీసి చెప్పారు. తొడ ఎముకకూ కాలి ఎముకకూ నడుమ రెండు మెత్తని దిండ్లు ఉంటాయి, జనం గుజ్జు అంటారే అదే. బాపుకు గుజ్జు అరగలేదు, చినిగింది. చినిగిన పేలిక మడతపడి కీలు నడుమ ఇరుక్కుంది. తలుపు సందులో గుడ్డ ఇరికితే తలుపు ఎట్లా పడదో కాలు అట్లా చాచడానికి రావడం లేదు. ఇది విన్నాక బాపు మొదటిసారి తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. తన కాలికి దయ్యమో శాపమో పట్టలేదని తెలిసింది కదా.

రెండు దారులున్నాయన్నారు. చినిగిన ముక్కను కత్తిరించి తీసేస్తే నెల, నెలన్నరలో పనికి పోవచ్చు. కానీ దిండు తగ్గిన కీలు తొందరగా అరుగుతుంది, యాభై దాటేసరికి చెట్టు కాదు, మెట్టు ఎక్కడమే కష్టం కావచ్చు. రెండోది, కుట్టడం. అయితే చినుగు బయటి అంచున, నెత్తురు పారే చోట ఉంటేనే కుట్టు అతుకుతుంది. కుడితే ఆరు వారాలు కాలు నేల మీద మోపకూడదు, నాలుగైదు నెలలు గొంతుక్కూర్చోకూడదు, చెట్టు సంగతి పది నెలల దాకా ఎత్తకూడదు. అంతా చేసినా పదిమందిలో ఒకరిద్దరికి కుట్టు విడిపోతుంది, మళ్ళీ ఆపరేషన్ పడుతుంది. మీరు ఒక్కటి కూడా దాచలేదు. చివరికి అన్నారు: "లోపల సూస్తెగాని కుట్టుకు పనికొస్తదో లేదో నాకూ తెలవది. పనికొచ్చినా నీకు ఇష్టం లేకుంటె కుట్టను. ఇంట్ల మాట్లాడుకొని చెప్పున్రి."

ఆ సాయంత్రం దవాఖాన వరండాలో బాపూ నేనూ మాట్లాడుకున్నాం.

మర్నాడే ఆపరేషన్. హైవే మీద యాక్సిడెంట్ కేసులు రావడంతో మీరు ఆలస్యమయ్యారు. మీరు వచ్చేసరికి బాపును లోపలికి తీసుకుపోయి మత్తిచ్చారు. రెండు పద్ధతులూ రాసి ఉన్న కాగితం మీద ఆయన అంతకుముందే సంతకం పెట్టాడు. కాసేపటికి మీరే మాస్కు కిందికి లాగుకుంటూ బయటికొచ్చి ఫోన్లో ఫోటో చూపించారు. తెల్లని దిండు, దాని అంచున ఎర్రని గీత. "అదృష్టం. నెత్తురున్న జాగల చినిగింది. కుట్టొచ్చు. నిన్న బాపు ఏమన్నడమ్మా?" అన్నారు. కుట్టమన్నాడని చెప్పాను. మీరు లోపలికి వెళ్ళిపోయారు. రెండు చిన్న రంధ్రాల్లోంచి నాలుగు కుట్లు వేశారని తర్వాత విన్నాను. చేత్తో బట్ట కుట్టేటప్పుడే నాకు సూది వంకర పోతుంది. చీకటి కీలు లోపల, తెర మీద చూసుకుంటూ, దారానికి ముడి వేయడం ఎట్లా వస్తుంది మేడమ్ మనిషికి?

ఇక ఆపరేషన్ అయిన రెండో రోజు. మీరు రౌండ్‌కు వచ్చారు. కాలికి తొడ నుంచి పిక్క దాకా పట్టీ చూసుకుని, నర్సు ద్వారా ఆరు వారాల సంగతి విన్న బాపు అప్పటికే మండిపోతున్నాడు. "ఆరు వారాలు నన్ను మంచాన పడేస్తివి! నా చెట్లు ఎండిపోతె నువ్వొచ్చి గీస్తవా? కూలినాలి చేసుకునేటోడంటె మీకు ఆటబొమ్మనా?" అన్నాడు. ఇంకా చాలా అన్నాడు, అవి రాయడానికి నాకు చేయి రావడం లేదు. పక్క మంచాల వాళ్ళు లేచి కూర్చున్నారు. నర్సు ఆయన్ను ఆపబోతే మీరు వద్దని చేయి ఊపారు. ఒక్కసారి నా వైపు చూశారు. నేను నేల చూస్తున్నాను. అప్పుడు మీరు బాపు దగ్గరికి వంగి, "కుట్టింది నేను, పెద్దులన్నా. తిట్టవలసింది నన్నే. ఎంతైనా తిట్టు, గని కాలు కింద పెట్టకు" అన్నారు.

మరుసటి రోజు కూడా వచ్చారు. ఆ మరుసటి రోజూ వచ్చారు. బాపు గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మీరు గోడ వైపుకే స్టూలు జరుపుకునేవారు. పట్టీ చూసి, పాదం వేళ్ళు కదిలించమని చెప్పి వెళ్ళిపోయేవారు. మీ గొంతులో కోపం కాదు గదా, చిన్నబుచ్చుకున్నట్టు కూడా వినిపించలేదు నాకు.

ఇంటికొచ్చాక కూడా బాపు రెండు రోజులు గోడ వైపే తిరిగి పడుకున్నాడు. మూడో రోజు నాగేందర్ చిన్నాయిన వచ్చి, లొట్టి గుమ్మం ముందు దించి, "నీ వనమంత తిరిగి సూసిన. అన్ని చెట్లు మంచిగ పారుతున్నయి. గిది నీ పొడుగు తాడుది" అన్నాడు. బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు. తన చెట్లతో పాటు బాపువి పద్నాలుగూ రెండు పూటలా చిన్నాయినే గీస్తున్నాడు. ఒక్క గీత తప్పితే గెల ఎండుతుందని తెల్లవారక ముందే మొదలుపెడుతున్నాడు. ఎందుకిట్లా అని బాపు అడిగితే, "నిన్ను బుజం మీద దించింది ఇంట్ల ఏడ్సుకుంట కూసోనీకి గాదు" అన్నాడు. ఆ కాలం ముగిసేదాకా ఒక్క పూట తప్పలేదాయన.

ఆ రోజు నుంచే బాపు వ్యాయామం మొదలుపెట్టాడు. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని తొడ బిగించి అదమాలి కదా. నవీన్‌కుమార్ సార్ పూటకు ఇరవై అన్నారు. బాపు పళ్ళు బిగించి చేసేవాడు. మొదట్లో ఒక్కో బిగింపుకు ఒక్కో తిట్టు, అవి ఎవరికో మీకు చెప్పనక్కరలేదు. నెల గడిచేసరికి తిట్లు ఆగాయి, బిగింపులు ఆగలేదు. చంక కర్రల మీద వాకిట్లో తిరుగుతూ కుడికాలు గాలిలోనే ఉంచేవాడు. ఒకసారి తడి బండ మీద కర్ర జారింది. కుడికాలు మోపితే నిలబడేవాడే. మోపలేదు. ఎడమ పక్కకు మొద్దులా పడ్డాడు. మోచేయి చీరుకుపోయింది. అమ్మ లబలబలాడుతూ పరుగెత్తితే, "మోకాలు మంచిగనే ఉందే, లొల్లి చెయ్యకు" అన్నాడు. ఎవరిని తిట్టాడో వాళ్ళ మాట కోసమే పడ్డాడు మేడమ్. ఆ పూట నేను మా బాపును కొత్తగా చూశాను.

నలభై మూడో రోజున కాలు మోపించారు. ఆ రోజు నవీన్‌కుమార్ సార్ పక్కన మీరూ నిలబడ్డారు. తొడ కండ కరిగి కాలు కట్టెలా ఉంది. ఒక్క అడుగు వేసి బాపు వణికిపోయాడు. "చెట్టు ఎక్కుడు ఎన్ని రోజులల్ల నేర్సుకున్నవన్నా?" అన్నారు మీరు. "రెండేండ్లు" అన్నాడు. "గట్లైతె నడుసుడు రెండు నెలలల్ల రాదా?" అన్నారు. ఆపరేషన్ తర్వాత మీ ఇద్దరి మధ్యా తిట్లు కాక నడిచిన మొదటి మాటలు అవే. నాకు బాగా జ్ఞాపకం.

ఎండాకాలం అయిపోవస్తుండగా ఒక సాయంత్రం బాపు కనిపించలేదు. వెతుక్కుంటూ వనంలోకి పోయాను. తాడిచెట్టు కింద నిలబడి ఉన్నాడు. నడుముకు మోకు ఉంది. పిలిస్తే ఉలికిపడతాడని దూరంగానే ఆగాను. చాలాసేపు చెట్టు మీద చేయి వేసి పైకి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మోకు విప్పి, చుట్ట చుట్టి, భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. నన్ను చూసి, "ఇంక పత్తి ఏరేదాక ఆగమన్నది గదా మేడం" అన్నాడు. మీరు నెలల్లో చెప్పినది ఆయన పంటల్లోకి మార్చుకున్నాడు. ఎక్కడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. ఎక్కకుండా వెనక్కి రావడానికి అంతకన్నా పెద్దది కావాలని ఆ సాయంత్రం తెలిసింది.

మీరు బదిలీకి ముందు చివరిసారి చూసి, ముందు నిచ్చెన, తర్వాత పొట్టి ఈత, ఆ తర్వాతే తాడు అన్నారు. అదే వరుసలో పోయాడు. తాడు ఎక్కిన పొద్దున వనంలో అమ్మ, నేను, నాగేందర్ చిన్నాయిన ఉన్నాం. బాపు ఎక్కుతుంటే చిన్నాయిన కింద నిలబడి చెట్టును రెండు చేతులా పట్టుకున్నాడు, అది ఊగకుండా ఆపుతున్నట్టు. పైకి చేరి బాపు చాలాసేపు దిగలేదు. ఏమైందోనని అమ్మ అరిస్తే, "ఏం గాలేదే, జర సూడనియ్యి. పది నెలలాయె ఊరిని సూడక" అని పైనుంచి జవాబొచ్చింది.

మీకు కల్లు పంపుదామా అని బాపు, మహబూబ్‌నగర్ చేరేసరికి పులిసి సీసా పేలుతుందని అమ్మ, పొద్దున్నే వాదులాడుకున్నారు. ఎప్పుడైనా హైదరాబాద్ రోడ్డున ఇటు వస్తే చిట్యాలలో ఆగండి. చెట్టు కింద, తాటాకు దొప్పలో పోస్తాడట. మీరు తాగకపోయినా ఫరవాలేదు, మీ కళ్ళ ముందు ఒకసారి ఎక్కి దిగుతాడు.

మీ చేతులు చల్లగా ఉండాలి మేడమ్.

మీ మేలు తలుచుకునే,
హరిత

తా.క. ఇంతసేపూ రాసింది ఈ నాలుగు ముక్కలు రాయడానికి ధైర్యం కూడగట్టుకోవడమే. ఆ సాయంత్రం వరండాలో బాపు నాతో అన్నది ఇది: "కుట్లు వద్దు బిడ్డా. కోసి తీసెయ్యమను. ముసలితనం సంగతి అప్పుడు సూసుకుంట." స్పష్టంగా చెప్పాడు, రెండుసార్లు చెప్పాడు. మీరు ఫోటో చూపించి అడిగినప్పుడు, ఆ ఎర్రని గీత చూసి, యాభై దాటితే మెట్టు ఎక్కడమే కష్టమన్న మీ మాట గుర్తొచ్చి, నేను మీకు అబద్ధం చెప్పాను. మత్తు దిగాక బాపుకు కూడా అబద్ధమే చెప్పాను, డాక్టరమ్మే నిర్ణయించింది అని. మీరు పడ్డ ప్రతి తిట్టూ నాది. ఆ రోజు మీరు నా వైపు చూసినప్పుడు మీకు అర్థమైందనే అనుకుంటున్నాను. అయినా నన్ను పట్టివ్వలేదు.

బాపు తాడు దిగిన రోజున ఆయనకు చెప్పేశాను. మెచ్చుకుంటాడనుకున్నాను. కత్తి నూరుతూనే, "మంచిగైంది గాబట్టి చెప్తున్నవ్. కుట్టు ఇడిపోయుంటె చెప్తుంటివా?" అన్నాడు. "కాలు నాది గదా బిడ్డా" అన్నాడు. మూడో రోజు తనే వచ్చి, మీకు ఉన్నదున్నట్టు రాయమన్నాడు. రాసినదంతా చదివించుకుని విన్నాడు. కింది రెండు వరుసలు ఆయన చేతి రాత.

మేడం నమస్తె. గా దినం తిట్టినయన్ని తప్పు. మనసుల పెట్టుకోకుండ్రి.
మోకాలు మంచిగున్నది. పెద్దులు.